గంజి కాని గంజి

బడిలో సైన్సు మాస్టారు బంగాళాదుంప ముక్క మీద అయోడిన్ చుక్క వేశారు. ముక్క నల్లనీలంగా మారింది. ‘చూశారా, పిండిపదార్థం’ అన్నారు. ఆ పరీక్ష అందరికీ గుర్తే. 170 ఏళ్ల కిందట అదే పరీక్ష జర్మనీలో ఒక మహా వైద్యుణ్ణి పక్కదోవ పట్టించింది. ఆయన పొరపాటే ‘అమిలాయిడ్’ అన్న పేరై నిలిచిపోయింది. గ్రీకులో అమిలోన్ అంటే గంజిపిండి. అమిలాయిడ్ అంటే గంజిలాంటిది.

మాట మొదట మొక్కలది. 1838లో ష్లైడెన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు వాడాడు. దాన్ని మనిషి ఒంట్లోకి తెచ్చింది రుడాల్ఫ్ విర్కో, 1854లో. అంతకుముందే శవపరీక్షల్లో వైద్యులు ఒక వింత చూస్తున్నారు. ఏళ్లకేళ్లు క్షయతోనో, చీము పట్టిన ఎముకలతోనో బాధపడి చనిపోయినవాళ్ల కాలేయం, ప్లీహం ఉబ్బి, గట్టిపడి, కోస్తే మైనంలా నిగనిగలాడేవి. కొందరు మైనపు కాలేయం అన్నారు, మరికొందరు పందికొవ్వుతో పోల్చారు. విర్కో మెదడులోని సన్నటి గుండ్రటి రేణువుల మీద అయోడిన్ వేశాడు, లేతనీలం వచ్చింది. గంధకామ్లం కలిపితే ఊదా అయింది. ఇది పిండి, సెల్యులోజ్‌ల జాతే అనుకున్నాడు. మైనపు అవయవాలనూ ఆ గాటనే కట్టాడు. తమాషా ఏమిటంటే, మెదడులోని ఆ రేణువులు నిజంగానే చాలావరకు చక్కెర గొలుసులు. పేరు సరైన చోటే పుట్టి, తప్పుడు చోట కాపురం పెట్టింది.

1859లో ఫ్రీడ్రైక్, కెకులే (తర్వాత బెంజీన్ వలయంతో పేరు మోసిన కెకులేనే) అమిలాయిడ్ నిండిన ప్లీహాన్ని రసాయనికంగా పరీక్షించారు. నత్రజని దండిగా ఉంది. పిండిలో నత్రజని ఉండదు. అంటే ఇది ప్రోటీన్. అయిదేళ్లకే తప్పు తేలింది కానీ పేరు మాత్రం కదల్లేదు.

ఆ తర్వాత దీని గుట్టు విప్పింది గుడ్డల అద్దకపు రంగు. నూలుకు రంగు పట్టాలంటే ముందు కరక్కాయలాంటిదో, పటికలాంటిదో పట్టించాలని మన కలంకారీవాళ్లకు తెలుసు. 1883లో జర్మనీలో పాల్ బోటిగర్ చేసిన ఎర్రరంగుకు ఆ అవసరమే లేదు, నేరుగా పట్టేది. ఆ రంగు బజారుకొచ్చేనాటికి ఆఫ్రికాను పంచుకోవడానికి ఐరోపా దేశాలు బెర్లిన్‌లో కూర్చున్నాయి. కాంగో పేరు అందరి నోటా నానుతోంది. ఆగ్ఫా కంపెనీ రంగుకు ‘కాంగో రెడ్’ అని పేరు పెట్టి అమ్మింది. ఆమ్లం తగిలితే నీలంగా మారే ఈ రంగు బట్టల మీద ఎన్నాళ్లో నిలవలేదు. వైద్యంలో మాత్రం పాతుకుపోయింది. 1922లో బెన్‌హోల్డ్ అనే వైద్యుడు రోగుల రక్తంలోకి ఎక్కించి చూస్తే, అమిలాయిడ్ ఉన్నవాళ్లలో రంగు రక్తంలోంచి తొందరగా మాయమవుతోంది. ఒంట్లోని అమిలాయిడ్ దాన్ని పట్టేసుకుంటోంది. 1927లో బెల్జియంలో డివ్రీ, ఫ్లోర్కిన్ మరొకటి గమనించారు. కాంగో రెడ్ పట్టించిన అమిలాయిడ్‌ను ధ్రువణ కాంతిలో చూస్తే పచ్చ యాపిల్ రంగులో మెరుస్తోంది. ముద్దలా కనిపించే పదార్థం ఇలా మెరిసిందంటే లోపల ఏదో వరుస, ఏదో అమరిక ఉండాలి.

ఆ అమరికను 1959లో బోస్టన్‌లో కోహెన్, కాల్కిన్స్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో చూశారు. ముద్ద కాదు, దాదాపు 10 నానోమీటర్ల మందాన సన్నటి పోగులు. 1968లో ఈన్స్, గ్లెనర్ ఎక్స్-కిరణాలతో పోగు లోపల ప్రోటీన్ గొలుసులు నిచ్చెన మెట్లలా పేర్చుకుని ఉన్నాయని పట్టుకున్నారు. 1935లోనే ఆస్ట్‌బరీ అనే శాస్త్రవేత్త ఉడికిన గుడ్డు తెల్లసొనను సాగదీసి చూసిన అమరిక అలాంటిదే.

ఇంతకీ పోగు ఎలా పడుతుంది? ప్రోటీన్ అమైనో ఆమ్లాల గొలుసు. దాని మడత కుదిరితేనే పనిచేస్తుంది. మడత సడలితే లోపల దాగాల్సిన జిగురు భాగాలు బయటపడతాయి. అలాంటి రెండు గొలుసులు ఆనుకుంటే నిచ్చెన మెట్లలా, మెట్టుకూ మెట్టుకూ మధ్య 0.47 నానోమీటర్ల దూరంతో పేర్చుకుంటాయి. మొదటి కొన్ని మెట్లు కుదరడమే కష్టం. అందుకు ఏళ్లు పట్టొచ్చు. ఒకసారి కుదిరితే పాలలో తోడు పడ్డట్టే, ఆ ముక్క కొసకు కొత్త గొలుసులు వచ్చి అదే వంపు తిరుగుతాయి. కాకపోతే పెరుగు తోడుకు ప్రాణమున్న సూక్ష్మజీవి కావాలి, ఇక్కడ వంపే తోడు. పోగు విరిగితే ప్రతి ముక్కా మరో తోడు. శరీరంలోని ఎంజైములకు ఇవి ఒక పట్టాన లొంగవు.

ఇలా పోగులయ్యే ప్రోటీన్లు మనుషుల్లో 30కి పైగానే. దారులు వేరు. క్షయ, కీళ్లవాతం లాంటి దీర్ఘ రోగాల్లో కాలేయం ఒక ప్రోటీన్‌ను అదేపనిగా రక్తంలోకి వదులుతుంది. విర్కో కాలపు మైనపు కాలేయాలు చాలావరకు అవే. మజ్జలో కొన్ని కణాలు అదుపు తప్పి యాంటీబాడీ ముక్కలను గుప్పిస్తే మరో రకం. అల్జీమర్స్‌లో మెదడులోనే కత్తిరింపు పడిన ఒక చిన్న ముక్క. పోగులు మూత్రపిండంలో పేరుకుంటే ప్రోటీన్ మూత్రంలోకి కారిపోతుంది. గుండెలో పేరుకుంటే కండరం బిగుసుకుపోతుంది.

పోర్చుగల్ జాలరుల కథ మరీ కదిలిస్తుంది. పోవోవా ద వర్జీం అనే తీరప్రాంతంలో ఒక రోగం తరతరాలుగా ఉంది. అక్కడివాళ్లు దాన్ని ‘చిన్ని పాదాల రోగం’ అనేవారు. ముందు పాదాలకు వేడి తెలియడం మానేస్తుంది, తర్వాత నడక పోతుంది. పోర్టోలోని వైద్యుడు కొరీనో ఆంద్రాదే 1952లో దీన్ని వివరంగా రాశాడు. మూలం ట్రాన్స్‌థైరెటిన్ ప్రోటీన్‌లో మారిన ఒకే ఒక్క అమైనో ఆమ్లం. నాలుగు ముక్కలు కలిసి ఉండాల్సిన ఆ ప్రోటీన్ విడిపోతే పోగు పడుతుంది. ఆ నాలుగింటినీ పట్టి ఉంచే టఫామిడిస్ మందుకు 2011లో ఐరోపాలో అనుమతి వచ్చింది.

ఇవాళ్టికీ అనుమానం వస్తే డాక్టర్లు పొట్ట కొవ్వులోంచి సూదితో చిటికెడు తీస్తారు. ల్యాబ్‌లో కాంగో రెడ్ పట్టిస్తారు, మైక్రోస్కోప్ కింద పెట్టి ధ్రువణ ఫిల్టర్ తిప్పుతారు. పచ్చగా మెరిస్తే రిపోర్టులో ‘అమిలాయిడ్ ఉంది’ అని రాస్తారు. గంజి ఉందని అన్నమాట.