ట్రంకు రోడ్డు మేస్త్రులు

కావలి చరిత్ర చెప్పమంటే పెద్దలు ముందు విశ్వోదయ విద్యాసంస్థ పేరెత్తుతారు. దొడ్ల రామచంద్రారెడ్డి గారు యాభైల మొదట్లో జవహర్ భారతి కాలేజీ పెట్టకపోతే ఈ చుట్టుపక్కల పల్లెల పిల్లలకు డిగ్రీ చదువు అందేది కాదంటారు. నిజమే. తర్వాత ఎన్నికల కబుర్లు, తుపాను కబుర్లు వస్తాయి. బండి కింద పడుకుని, మొహాన ఆయిలు చుక్కలు పడుతుంటే నట్లు బిగించిన మనుషుల మాట మాత్రం ఎవరి నోటా రాదు. ఊరు నడిచింది సగం వాళ్ల చేతుల మీదే.

కావలి ఉన్న చోటు అలాంటిది. నెల్లూరుకూ ఒంగోలుకూ నడుమ, మద్రాసు నుంచి కలకత్తా పోయే దారి మీద ఉంది. ఆ దారిని ఊళ్లో ఇప్పటికీ ట్రంకు రోడ్డనే అంటారు. 1899కల్లా మద్రాసు, బెజవాడల మధ్య రైలు కలిసింది. దక్షిణాన బిట్రగుంటలో ఆవిరి ఇంజన్లకు పెద్ద షెడ్డు, దాని చుట్టూ రైల్వే కాలనీ వెలిశాయి. తూర్పున తుమ్మలపెంట దాటితే సముద్రం. పడమట ఉదయగిరి దాకా మెట్ట. రోడ్డు, రైలు, సముద్రం, చేను నాలుగూ యంత్రాల మీద ఆధారపడ్డాక మెకానిక్‌కు పని లేని రోజుండదు.

ఆ తరం మేస్త్రి బతుకు పానాలు అందించడంతో మొదలయ్యేది. పదేళ్లకో పన్నెండేళ్లకో తండ్రి తెచ్చి షెడ్డులో వదిలేవాడు. మొదట్లో జీతముండదు, టీ డబ్బులు ఇస్తారు. డీజిల్లో నట్లు కడగాలి, బోల్టులు సైజువారీగా పేర్చాలి, పెద్ద మేస్త్రి చెయ్యి చాస్తే అడక్కుండానే సరైన పానా పెట్టాలి. పొరపాటున ఇంకోటి ఇస్తే నెత్తిన మొట్టికాయ. నాలుగైదేళ్లకు గాని ఇంజను మీద చెయ్యి వెయ్యనిచ్చేవారు కాదు. పుస్తకం లేదు, పాఠం లేదు. విప్పడం చూడాలి, బిగించడం చూడాలి, రాత్రి పడుకుని మనసులో మళ్లీ విప్పుకోవాలి. కోయంబత్తూరు తెలుగువాడు జి.డి. నాయుడు కూడా హోటల్లో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో ఒక దొర మోటారు సైకిలు కొని, దాన్ని ఊడదీసే యంత్ర విద్య నేర్చాడు. 1920లో పొల్లాచ్చి, పళని మధ్య బస్సు నడిపాడు. ఆయనకు పేరొచ్చింది. మన ట్రంకు రోడ్డు వాళ్లకు ఖాతాదారులు మిగిలారు.

వాళ్లకు పని నేర్పిన వాళ్లు బొగ్గు బస్సుల కాలం వాళ్లు. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలుకు రేషను పెట్టేసరికి ప్రైవేటు బస్సుల వెనక ఇనప డ్రమ్ములు లేచాయి. అందులో కట్టెబొగ్గు రాజేసి, చేత్తో బ్లోయరు తిప్పి, పుట్టిన గ్యాసును వడగట్టి ఇంజనుకు పట్టించేవారు. బండి కదలడానికే చాలాసేపు పట్టేది. ఎత్తు వస్తే ప్రయాణికులు దిగి తొయ్యాల్సిందే. మసి పట్టిన గొట్టాలు ఎప్పటికప్పుడు ఊడదీసి శుభ్రం చెయ్యకపోతే మర్నాడు బస్సు లేవదు. ఆ మసిలో చేతులు కాల్చుకున్న గురువులకు స్వాతంత్ర్యం తర్వాత వచ్చిన డీజిలు లారీ పెద్ద సుఖంగా తోచి ఉండాలి. 1954లో జంషెడ్‌పూర్‌లో టాటా, బెంజ్ కలిసి లారీలు చెయ్యడం మొదలెట్టాయి. అటు మద్రాసు దగ్గర ఎన్నూరులో లేలాండ్ వచ్చింది. ఈ రెండూ వచ్చాక పాతికేళ్లపాటు మేస్త్రికి వేరే బండి తెలియాల్సిన అవసరం పెద్దగా రాలేదు. లారీ శబ్దం విని ఏ సిలిండర్లో నాజిల్ పోయిందో చెప్పేసేవాళ్లు. బోరు అరిగితే లేత్ షాపుకు, రింగులకు నెల్లూరుకు, దొరక్కపోతే రాత్రి బండెక్కి మద్రాసుకు. తెల్లారేసరికి సామాను సంచితో మళ్లీ షెడ్డు ముందు దిగేవారు.

1958 జనవరి 11న ఆర్టీసీ ఏర్పడింది. రూట్లు ఒక్కొక్కటే ప్రభుత్వం చేతికి పోతుంటే పానా పట్టిన వాళ్ల బతుకులు రెండు పాయలయ్యాయి. కొందరు డిపోలో చేరారు, కొందరు బిట్రగుంట లోకో షెడ్డులో ఫిట్టర్లయ్యారు. యూనిఫారం, క్వార్టరు, పి.ఎఫ్., చివర్లో పింఛను. రోడ్డు పక్క షెడ్డులో మిగిలిన వాడికి ఇవేమీ లేవు. పనితనంలో తేడా లేదు. చేరిన వాకిలి వేరు, అంతే. బిట్రగుంటకూ కష్టం రాకపోలేదు. 1980 నాటికి విజయవాడ, మద్రాసు మధ్య కరెంటు రైళ్లు నడిచాయి. ఆవిరి ఇంజన్లు ఒక్కొక్కటే వెళ్లిపోయాయి, షెడ్డు కళ తప్పింది. కాని అక్కడి ఫిట్టరుకు ఉద్యోగం బదిలీ అయింది గాని పోలేదు.

ఈ మేస్త్రుల పనితనం ఊరందరి కంటా పడింది 1989లో. థాయ్‌లాండ్ గల్ఫ్‌లో పుట్టి, అక్కడ వందల ప్రాణాలు తీసి, భూమి దాటి బంగాళాఖాతంలోకి వచ్చిన ‘గే’ తుపాను నవంబర్ 8, 9 తేదీల మధ్య కావలి దగ్గరే తీరం తాకింది. వాతావరణ శాస్త్రవేత్తల లెక్కల్లో అది కావలి తుపాను. అంతటి గాలి తర్వాత ఊళ్లకు ముందు కావాల్సింది మంచినీళ్లు, వెలుతురు. అంటే పంపు ఆడాలి, జనరేటరు లేవాలి, లారీ కదలాలి. ఉప్పునీళ్లు తాగిన ఇంజనును తొందరపడి స్టార్టు చేస్తే కనెక్టింగ్ రాడ్డు వంగి మూల పడుతుంది. అందుకే ముందు నాజిళ్లు విప్పి, పుల్లీని చేత్తో తిప్పుతూ లోపలి నీళ్లు బయటికి తియ్యాలి. ఛాంబరులో ఆయిలు మజ్జిగలా తెల్లబడి ఉంటే మొత్తం వంపి, డీజిలుతో కడిగి, కొత్తది పొయ్యాలి. డైనమోను మంచినీళ్లతో కడిగి ఎండబెట్టాలి. ఉప్పు ఇనుమును తినడానికి రోజులు చాలు కాబట్టి ఇదంతా వెంటనే జరగాలి. తుపాను సాయం జాబితాల్లో బియ్యం, దుప్పట్లు ఉంటాయి. ఈ పని పేరు ఉండదు.

తొంభైల్లో పని రొయ్యల గుంటల వైపు మళ్లింది. టైగర్ రొయ్య రేటు చూసి తీరం పొడుగునా గుంటలు తవ్వారు. ప్రతి గుంటకూ పంపు, ఏరేటరు. అర్ధరాత్రి ఏరేటరు ఆగితే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది. కాబట్టి మేస్త్రి ఇంటి తలుపు ఏ జాముననైనా తట్టేవారు. 1994లో తెల్లమచ్చ తెగులు, 1996 డిసెంబరులో తీరప్రాంత గుంటలపై సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక రైతులతో పాటు మేస్త్రుల బాకీలూ మునిగాయి. అరువు పద్దు పుస్తకం చూసుకుంటూ నిట్టూర్చడం తప్ప చేసేదేముంది!

ఇంటి సంగతి చెప్పకపోతే ఈ కథ సగమే. సాయంత్రం కిరసనాయిలుతో చేతులు కడుక్కున్నాక కూలి డబ్బు ఇంటికి పోతుందా, సారా దుకాణానికి పోతుందా అన్నది ఆ రోజుల్లో ప్రతి ఇల్లాలి బెంగ. కావలికి పడమటన దూబగుంటలో రోశమ్మ, తోటి ఆడవాళ్లు సారా దుకాణం మూయించి లేపిన ఉద్యమం 1993 అక్టోబరుకు రాష్ట్రమంతా సారా నిషేధం దాకా వెళ్లింది. షెడ్డుల్లో పనిచేసే కుటుంబాలకు అది దూరపు రాజకీయం కాదు, పొయ్యి వెలిగే విషయం. నిలబడ్డ మేస్త్రులు పిల్లల్ని చదివించారు. విచిత్రమేమంటే, తన పని మీద అంత గర్వమున్న మనిషే కొడుకును షెడ్డు గడప తొక్కనిచ్చేవాడు కాదు. ‘ఈ మసి నాతో పోనీ అబ్బయ్యా’ అనడం ఈ పేటల్లో వినని మాట కాదు.

స్వర్ణ చతుర్భుజి పనులతో రహదారి బైపాసెక్కింది. అయిదో నంబరు జాతీయ రహదారి 2010లో పదహారో నంబరైంది. లారీలు ఊళ్లోకి రావడం తగ్గింది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ ఆరు ప్రమాణాల బండ్లు. వాటి జబ్బు చెవికి వినపడదు, స్కానరు చెప్పాలి. పాత మేస్త్రి మోపెడ్లకు, పంపుసెట్లకు, జువ్వలదిన్నె వైపు పడవల ఇంజన్లకు పరిమితమయ్యాడు.

వీళ్లకు రావాల్సినవి సమయానికి రాలేదు. అసంఘటిత కార్మికుల కోసం 2019లో వచ్చిన శ్రమయోగి పింఛను పథకంలో చేరాలంటే వయసు నలభై దాటకూడదు. 2021లో మొదలైన ఈ-శ్రమ్ నమోదు యాభై తొమ్మిది దాకానే. డెబ్బై ఏళ్ల మేస్త్రి రెండింటికీ పనికిరాడు. ఆయనకు దక్కేది ప్రభుత్వం 2024లో నాలుగు వేలకు పెంచిన వృద్ధాప్య పింఛనే. అదీ అర్హుల జాబితాలో పేరుంటేనే. అది వయసుకూ పేదరికానికీ ఇచ్చే డబ్బు. యాభై ఏళ్ల పనికి లెక్క కట్టింది కాదు.

కావలిలోనూ చుట్టు పల్లెల్లోనూ ఆ తరం వాళ్లు ఇంకా కొందరున్నారు. మీ ఇంట్లో ఉంటే ఈ ఆదివారం కూర్చోబెట్టి అడగండి: ఎవరి దగ్గర పని నేర్చారు, మొదట విప్పిన బండి ఏది, తుపాను తర్వాత ఏయే ఇంజన్లు లేపారు, ఎవరు బాకీ ఎగ్గొట్టారు. చెప్పింది చెప్పినట్టు నోటు పుస్తకంలో రాయండి. షెడ్డు ముందు దిగిన పాత ఫోటో, బిల్లు పుస్తకం, డిపో గుర్తింపు కార్డు ఉంటే ఒక నకలు తీయించి ఊరి గ్రంథాలయంలో ఇవ్వండి.