తెరచాప పడవ నుండి మనిషి జారిపడితే... ఏ సాధనం మేలు?

1911లో స్థాపితమైన రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ చెన్నైలో తెరచాప పడవల క్రీడకు చిరకాల కేంద్రం. ఈ క్రీడలో అన్నింటికంటె పెద్ద ప్రమాదం మనిషి నీటిలో పడిపోవడం. గంటకు 6 నాటికల్ మైళ్ల వేగంతో సాగే పడవ ఒక్క నిమిషంలో సుమారు 185 మీటర్లు ముందుకు పోతుంది. అంత దూరాన అలల నడుమ మనిషి తల కానరాదు. చాప సర్దుకొని, గాలిని అనుసరించి పడవను మళ్లించడానికి మరికొంత సమయం పడుతుంది. కనుక సాధనం కొనేముందు వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: పడినవారిని వెదకేది ఎవరు?

తోటివారు ఉన్నప్పుడు

మొదట కావలసినది హెచ్చరిక. ఒంటికి ధరించే చిన్న ప్రసారిణితో సంబంధం తెగగానే పడవలో అలారం మోగుతుంది. అయితే అది తెలిపేది పడిన చోటునే. ప్రవాహం మనిషిని మరొక చోటికి చేరుస్తుంది. లైఫ్ జాకెట్‌కు అమర్చే ఏఐఎస్ సాధనం ఈ లోపాన్ని తీరుస్తుంది. ఇది జీపీఎస్ ద్వారా తెలిసిన తాజా స్థానాన్ని సొంత పడవకు, సమీప నౌకలకు పంపుతూనే ఉంటుంది. నీటిమట్టం నుండి వెలువడే సంకేతం కొద్ది మైళ్లకే పరిమితం. పడవలో ఏఐఎస్ రిసీవర్ లేనిదే తోటివారికి అది కనిపించదు.

తీరానికి దూరంగా

పీఎల్‌బీ అనే వ్యక్తిగత ప్రసారిణి 406 మెగాహెర్ట్జ్ సంకేతాన్ని ఉపగ్రహాలకు పంపుతుంది. ఆ సమాచారం బెంగళూరులోని కేంద్రం ద్వారా తీర రక్షక దళానికి చేరుతుంది. చెన్నైలో ఆ దళపు సముద్ర రక్షణ సమన్వయ కేంద్రం ఉంది. దీనిని సాధారణంగా చేతితోనే పనిచేయించాలి. స్పృహ తప్పినవారికి అది సాధ్యం కాదు. పైగా సహాయం రావడానికి గంటలు పట్టవచ్చు. 2018లో హిందూ మహాసముద్రంలో గాయపడిన అభిలాష్ టామీని తన పడవలోనుండి రక్షించేసరికి మూడు రోజులయింది. 121.5 మెగాహెర్ట్జ్ సంకేతాలను ఉపగ్రహాలు స్వీకరించడం 2009లోనే ఆగిపోయింది గనుక ఆ ఒక్క సంకేతమే ఉన్న పాత సాధనాలు కొనరాదు.

ఇస్రో రూపొందించిన డీఏటీ మత్స్యకారుల పడవలకు మేలైనది. 2024లో వచ్చిన రెండవ తరం సాధనం, సందేశం అందినట్లు పడవకు తిరిగి తెలుపుతుంది. అయినా అది పడవకు చెందినది. పడిన మనిషి వెంట పోదు.

ఒంటరిగా వెళ్లేవారికి

ఖాళీ పడవలో మోగే అలారం నిష్ప్రయోజనం. రక్షణ తాడే వీరికి మొదటి సాధనం, పీఎల్‌బీ తరువాతిది.

ఏది ఎంచుకున్నా బ్యాటరీ గడువు చూడాలి, పీఎల్‌బీని తన పేర నమోదు చేయించాలి, మళ్లివచ్చి మనిషిని పైకి లాగడం అభ్యసించాలి. తీర రక్షక దళాన్ని పిలవడానికి 1554 సంఖ్య, రేడియోలో 16వ చానల్ పడవలోని వారందరికీ తెలిసి ఉండాలి.