రాజకీయ పోలరైజేషన్ – ఆరోగ్యం

పార్టీల మధ్య భేదాభిప్రాయం మనుషుల మధ్య పగగా ముదిరితే ఒంటికేమవుతుందన్న ప్రశ్న రాజనీతి శాస్త్రంలో ఇటీవలిదే. దీనికి పునాది వేసినవారిలో స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు శాంటో అయ్యంగార్ ముఖ్యులు. 2012లో ఆయన, ఇద్దరు సహచరులు అమెరికాలోని పాత, కొత్త సర్వేలను పోల్చారు. తమ బిడ్డ ఎదుటి పార్టీవారిని పెళ్లాడితే బాధపడతామన్న రిపబ్లికన్లు 1960లో 5 శాతం, 2010లో 49 శాతం.

నెబ్రాస్కా విశ్వవిద్యాలయ ఆచార్యుడు కెవిన్ స్మిత్ ఆరోగ్యం గురించి సూటిగానే అడిగారు. 2019లో వెలువడిన ఆయన బృందం సర్వేలో పదిమంది అమెరికన్లలో దాదాపు నలుగురు రాజకీయాల వల్ల ఒత్తిడికి లోనవుతున్నామన్నారు. ఇంచుమించు ఐదుగురిలో ఒకరు నిద్ర పోగొట్టుకున్నామన్నారు. ఇవి జనం తమ గురించి తాము చెప్పుకున్న మాటలు, వైద్య పరీక్షలు కావు. అయినా కొట్టిపారేయదగ్గవి కావు. కోవిడ్ వచ్చాక ఈ ప్రశ్న చావుబతుకులదైంది. 2020 మార్చిలోనే షానా గడేరియన్, సారా గుడ్‌మన్, థామస్ పెపిన్‌స్కీ సర్వే చేసి, చేతులు కడుక్కోవడం వంటి జాగ్రత్తల్లో సైతం పార్టీ తేడా కనిపిస్తోందని చూపారు.

ఇక తెలుగునాట వైద్యంలో పార్టీల పోరు కనిపించేది ముందుగా పేరు బోర్డుల మీదే. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన రాజీవ్ ఆరోగ్యశ్రీ వైద్య పథకం, విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. 2019లో ప్రభుత్వం మారాక వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, 2024లో మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ. విజయవాడ ఆరోగ్య విశ్వవిద్యాలయం పేరును 2022లో ఎన్టీఆర్ నుంచి వైఎస్సార్‌కు మార్చారు, 2024లో వెనక్కి తెచ్చారు. కేంద్రం 2018లో తెచ్చిన ఆయుష్మాన్ భారత్ పథకంలో తెలంగాణ 2021 దాకా చేరలేదు. ఆరోగ్యశ్రీయే మెరుగని నాటి ప్రభుత్వం వాదించింది. 2023 డిసెంబరులో కొత్త ప్రభుత్వం చికిత్స పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచింది, రాజీవ్ పేరూ తిరిగొచ్చింది.

ఎవరొచ్చినా పథకాన్ని ఎత్తేయలేదన్నది గుర్తించాల్సిన సంగతి. పోరంతా ఘనత ఎవరిదన్న దానిపైనే సాగింది. రేగొండ లాంటి ఊరి నుంచి వరంగల్ ఆసుపత్రికి పోయే రోగికి మాత్రం కార్డు చెల్లుతుందా లేదా అన్నదే కావాలి. బకాయిలు పేరుకుపోయి నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేసిన సందర్భాలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి.