ఊపిరి పోసిన చేతులు

మెడ ముందుభాగమున రంధ్రము చేసి, శ్వాసనాళములోనికి గొట్టము నమర్చు చికిత్సను ట్రాకియాస్టమీ అందురు. ఇది క్రొత్తది కాదు. 1825లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు బ్రెతొనో, డిఫ్తీరియా అను కంఠసర్పి వ్యాధిచే ఊపిరాడని యొక బాలికను ఈ విధముననే బ్రదికించెను. అయితే గొట్టము నమర్చుటతో పని ముగియదనియు, అసలు పని అప్పుడే మొదలగుననియు మనకు బోధించినది 1952 నాటి కోపెన్‌హాగన్ నగర చరిత్ర.

ఆ యేట డెన్మార్కు రాజధానియగు ఆ నగరమున పోలియో చెలరేగెను. బ్లెగ్డామ్ ఆసుపత్రికి ఒక్కొక్క దినమున 50 మంది వరకు రోగులు వచ్చి చేరిరి. పలువురకు ఊపిరి తీయు కండరములు, మ్రింగు కండరములు చచ్చుబడినవి. ఆసుపత్రిలో నున్నవి ఇనుప ఊపిరితిత్తి యను యంత్రమొకటి, రొమ్మునకు తొడుగు చిన్న యంత్రములు ఆరు. తొలి మూడు వారములలో వాటితో చికిత్స పొందిన 31 మందిలో 27 మంది మరణించిరి.

ఆ స్థితిలో ప్రధానవైద్యుడు లాసెన్, మత్తుమందు వైద్యుడగు బ్యోర్న్ ఇబ్సెన్ సలహా కోరెను. ఆగస్టు 27న, మరణావస్థలో నున్న 12 ఏండ్ల బాలికకు మెడలో గొట్టము పెట్టించి, దానికి తగిలించిన రబ్బరు సంచిని చేతితో నొక్కుచు ఇబ్సెన్ గాలి నందించెను. ఆమె బ్రదికెను.

కాని రేయింబవళ్లు ఆ సంచిని నొక్కువారెవరు? వైద్యవిద్యార్థులు. సుమారు 1,500 మంది వంతులవారీగా రోగుల తలాపున కూర్చుండిరి. ఒకే సమయమున 70 మందికి చేతులతో ఊపిరి నందించిన దినములు కలవు. చేయి అలసి ఆగినచో ఊపిరియు ఆగును. గొట్టము స్వరపేటికకు దిగువ నుండుటచే రోగికి మాట రాదు. బాధయో, దాహమో కన్నులను బట్టియే గ్రహింపవలెను. రోగులకు పుస్తకములు చదివి వినిపించినవారును ఆ విద్యార్థులలో కలరు. మరణములు సగమునకు మించి తగ్గినవి. 1953లో ఇబ్సెన్ అదే నగరమున నెలకొల్పిన ప్రత్యేక విభాగము నేటి ఇంటెన్సివ్ కేర్ వార్డులకు నాంది యయ్యెను.

నేడు సంచిని నొక్కు పనిని యంత్రములు చేయుచున్నవి. గొట్టముతో ఇల్లు చేరినవారి సంరక్షణ మాత్రము ఇంటివారి చేతులలోనిదే. ఆసుపత్రిలో నేర్పిన రీతిని కఫము తీయుట, లోపలి గొట్టమును శుభ్రపరచుట, మెడపట్టీ వదులు గాకుండ చూచుట, స్నానమున రంధ్రములోనికి నీరు పోకుండ కాపాడుట నిత్యకృత్యములు. వీటితోబాటు మరువరానిది యొకటి కలదు. మాట రాని రోగి కేక వేయలేడు. కావున అతని చేతికందునట్లు ఒక గంటను, పలకను, బలపమును ఉంచవలెను. ఆ గంట వినవచ్చునంత దూరములో మనలో నొకరు ఎల్లప్పుడును ఉండవలెను.