వారసుల జాబితాలో లేని సహచరులు

2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు స్వలింగ జంటల పెళ్లికి చట్టబద్ధత ఇవ్వడానికి నిరాకరించింది. ఆ కేసుకు పేరిచ్చిన సుప్రియో చక్రవర్తి, ఆయన సహచరుడు అభయ్ డాంగ్ హైదరాబాద్‌లో ఉండేవాళ్లే. పెళ్లి ప్రాథమిక హక్కు కాదన్న విషయంలో ఐదుగురు న్యాయమూర్తులదీ ఒకే మాట. సివిల్ యూనియన్‌ను మాత్రం 3-2 తేడాతో తోసిపుచ్చారు. రివ్యూ పిటిషన్లు కూడా 2025 జనవరిలో వీగిపోయాయి.

ఉద్యమ సంఘాల పోరాటం వృథా పోలేదు. 2024లో కేంద్రం కొన్ని వివరణలిచ్చింది: స్వలింగ జంటలు జాయింట్ ఖాతా తెరవొచ్చు, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవచ్చు, రేషన్ కార్డు కోసం వాళ్లను ఒకే కుటుంబంగా చూడాలి. వీటిని సమాన హక్కులుగా లెక్కగట్టడం తొందరపాటని నా అభిప్రాయం.

జనగామ దగ్గర ఒక పల్లెలో రెండెకరాలు సొంతంగా కొనుక్కున్న అవివాహిత ఉందనుకుందాం. ఆ చేలో ఆమెతో పాటు నాట్లు వేసి, కలుపు తీసి, అప్పుల్లో పాలు పంచుకున్న సహచరి ఉంది. పట్టాదారు కన్నుమూస్తే బ్యాంకు డబ్బు నామినీ చేతికి వస్తుంది. కానీ నామినీకి ఆ డబ్బు తీసుకునే హక్కే తప్ప సొంతం చేసుకునే హక్కు లేదనీ, అది చట్టబద్ధ వారసులదేననీ సుప్రీంకోర్టు 2010లో స్పష్టం చేసింది. భూమి సంగతి ఇంకా కష్టం. వీలునామా లేకపోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం అది తల్లిదండ్రులకు, వాళ్లు లేకుంటే తండ్రి వారసులకు పోతుంది. విరాసత్‌లో, అంటే వారసుల పేర పట్టా మార్చే నమోదులో, సహచరి పేరు ఎక్కే దారే లేదు.

గిరిజనులు ఎక్కువగా ఉన్న మహబూబాబాద్‌లో లెక్క వేరు. షెడ్యూల్డ్ తెగలకు ఈ చట్టం నేరుగా వర్తించదు, ఆచారమే ప్రధానం. భూపాలపల్లిలో సింగరేణి కార్మికుడు చనిపోతే వచ్చే కారుణ్య నియామకమూ కుటుంబ సభ్యులకే.

వీలునామా రాసుకోవచ్చు కదా అంటారు. నిజమే, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కూడా కాదు. కానీ ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. రేపు అన్నదమ్ములు కోర్టుకెక్కితే ఆ సాక్షుల్లో ఒకరైనా బోనెక్కి చెప్పాలి. అందరూ చుట్టాలే అయిన ఊళ్లో అలాంటి ఇద్దరు దొరకడం తేలిక కాదు.

అందుకే సంఘాలు పార్లమెంటు పెళ్లి చట్టం తెచ్చేదాకా ఆగకుండా, సహచరులనూ వారసుల్లో చేర్చేలా రాష్ట్రం వారసత్వ చట్టాన్ని సవరించాలన్న డిమాండ్ మీద దృష్టి పెట్టాలంటాను. వారసత్వం ఉమ్మడి జాబితాలో ఉంది కాబట్టి రాష్ట్రమూ చట్టం చేయొచ్చు. ఆడపిల్లలకు పూర్వీకుల ఆస్తిలో సమాన వాటా ఇస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో ఇదే హిందూ వారసత్వ చట్టాన్ని ఉమ్మడి రాష్ట్రానికి సవరించింది. కేంద్రం ఆ పని చేసింది 2005లో. కేంద్ర చట్టంతో పొసగని సవరణకు రాష్ట్రపతి ఆమోదం అవసరం, అది దక్కుతుందన్న హామీ లేదు. అయినా జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఎమ్మెల్యేల ముందు పెట్టదగిన, వాళ్లు జవాబు చెప్పవలసిన డిమాండ్ ఇది.