కారణమనే గడి: 1893 నాటి గంజాయి విచారణ



ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు పండితుడిగా పనిచేసిన నాకు వ్యాకరణం, ఛందస్సు బోధించడంతో పాటు మరొక పని కూడా ఉండేది. గుమాస్తా లేని పాఠశాలల్లో బదిలీ పత్రాలు వ్రాయవలసి వచ్చేది. ఆ పత్రంలో "బడి విడుచుటకు కారణం" అని ఒక గడి ఉంటుంది. వలస, పేదరికం, పెళ్ళి, అనారోగ్యం వంటి మాటల్లో ఏదో ఒకటి అందులో వ్రాసి సంతకం చేసేవాణ్ణి. ఒక బాలుని జీవితం ఆ ఒక్క మాటలో ఇమిడిందా లేదా అని ఏనాడూ ఆలోచించలేదు. ఆ గడి నాకు మళ్ళీ గుర్తుకు రావడానికి నూట ముప్పై ఏళ్ళ నాటి ఒక ప్రభుత్వ నివేదిక కారణమైంది. దాని కథే ఈ టపా.

ముందుగా వస్తుపరిచయం. గంజాయి మనకు కొత్తది కాదు. "భంగ" శబ్దం అథర్వవేదంలోనే ఉన్నది. వైద్య గ్రంథాలు దానికి "విజయ" అని పేరు పెట్టాయి. శార్‌ఙ్గధర సంహిత భంగను, నల్లమందును "వ్యవాయి" ద్రవ్యాలకు ఉదాహరణలుగా చెప్పింది. ముందు శరీరమంతటా వ్యాపించి, ఆ తరువాత జీర్ణమయ్యేది వ్యవాయి. ఒకే మొక్క ఆకును నూరితే భంగు, పూతకంకులను ఎండబెడితే గంజాయి, బంకను తీస్తే చరస్. ఈ భేదాన్ని మన చట్టం నేటికీ పాటిస్తున్నది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం నిర్వచనంలో పూతకంకులూ బంకా చేరాయి గాని, విడి ఆకు చేరలేదు.

ఇక కథలోనికి వద్దాం. 1893 మార్చి 2న బ్రిటిష్ కామన్స్ సభలో మార్క్ స్టీవార్ట్ అనే సభ్యుడు బెంగాల్‌లో గంజాయి సాగును, అమ్మకాన్ని గురించి ప్రశ్న లేవనెత్తాడు. భారతదేశపు పిచ్చాసుపత్రులు గంజాయి త్రాగేవారితో నిండిపోతున్నాయన్న మాట అప్పటికే ప్రచారంలో ఉండేది. ఆ సంవత్సరం జూలైలో భారత ప్రభుత్వం ఒక విచారణ సంఘాన్ని నియమించింది. మెక్‌వర్త్ యంగ్ అధ్యక్షుడు. సభ్యుల్లో ముగ్గురు భారతీయులు: తాహిర్‌పూర్ రాజా శశిశేఖరేశ్వర రాయ్, కన్వర్ హర్నామ్ సింగ్ ఆహ్లువాలియా, ముజఫర్‌నగర్‌కు చెందిన లాలా నిహాల్ చంద్. బెంగాల్ కోసం అడిగిన విచారణ యావద్దేశానికీ విస్తరించి, 1,193 మంది సాక్షుల వాఙ్మూలాలను సేకరించింది. నాటి మద్రాసు రాజధానిలో మన విశాఖపట్నంలో కూడా ఒక పిచ్చాసుపత్రి ఉండేది.

సంఘం చేసిన పనులలో నన్ను నిలిపివేసినది ఒక్కటే. ఆసుపత్రుల లెక్కలను వారు ఉన్నవి ఉన్నట్టు స్వీకరించలేదు. 1892లో చేరిన రోగుల సంఖ్య 1,344. వారిలో 222 మందికి ఉన్మాదకారణం గంజాయి వగైరా అని పుస్తకాలలో ఉన్నది. ఆ మాట ఎవరు వ్రాశారు, ఎలా తెలుసుకుని వ్రాశారు అని సంఘం అడిగింది. ఒక్కొక్క రోగి గురించీ ఊరికి మనిషిని పంపి, బంధువులను విచారించింది.

తేలిన సంగతి విచిత్రం. వీధిలో తిరుగుతున్న పిచ్చివాణ్ణి పోలీసులు పట్టుకొని మేజిస్ట్రేటు వద్దకు తీసుకుపోయేవారు. పంపవలసిన పత్రంలో "కారణం" అనే గడి ఉండేది. దాన్ని ఖాళీగా వదలకూడదు. ఈ మనిషి గంజాయి త్రాగుతాడా అని అడగడం, అవుననిపిస్తే "గంజాయి" అని వ్రాయడం వారికి సులభం. ఆసుపత్రి వైద్యుడు ఆ మాటనే తన పుస్తకంలోనికి ఎక్కించుకునేవాడు. ఏటేటా ఆ పుస్తకాలను కూడి, "గంజాయి వల్ల ఇందరు" అని ప్రభుత్వ నివేదికలు వెలువడేవి. పోలీసు ఊహ మూడు చేతులు మారేసరికి శాస్త్రం అయింది!

పునర్విచారణలో 222 కాస్తా 98 అయింది. అందులోనూ 37 మంది విషయంలో వేరే కారణాలు కూడా కనిపించాయి. గంజాయి తప్ప మరొకటి కనిపించనివారు 61 మంది, అంటే మొత్తంలో నూటికి నాలుగున్నర. 1894లో వెలువడిన నివేదిక మితసేవనం వల్ల మనస్సుకు హాని లేదని చెప్పింది. సంపూర్ణ నిషేధం వద్దనీ, పన్నులతో, అనుమతులతో కట్టడి చేయాలనీ సూచించింది. రాయ్, నిహాల్ చంద్‌లు తమ అసమ్మతిని విడిగా వ్రాసి జతచేశారు.

ఈ నివేదికను నేడు గంజాయి పక్షాన వాదించేవారు తరచు ఉటంకిస్తారు. పిచ్చి పుడుతుందన్న మాట వట్టి పుక్కిటి పురాణమని తేలిపోయిందంటారు. నివేదికను పూర్తిగా చదివితే అలా అనలేము. ఆ 98 మంది ఉండనే ఉన్నారు. అతిసేవనం ఉన్మాదాన్ని కలిగించగలదనీ, పుట్టుకతోనో వంశం నుండో మానసిక దౌర్బల్యం ఉన్నవారిలో ఆ ప్రమాదం అధికమనీ సంఘమే చెప్పింది. లెక్క తప్పని చెప్పడం వేరు, ప్రమాదం లేదని చెప్పడం వేరు.

తరువాతి శాస్త్రం ఈ రెండవ మాటనే బలపరచింది. 1964లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు గవోనీ, మెషూలమ్ గంజాయిలోని మత్తుకు మూలమైన టీహెచ్‌సీని వేరుచేసి దాని నిర్మాణాన్ని చెప్పారు. 1992లో మెదడులోనే సహజంగా పుట్టే తత్సమానమైన పదార్థం కనుగొన్నారు. దానికి వారు పెట్టిన పేరు "ఆనందమైడ్". మన సంస్కృత "ఆనంద" శబ్దమే! సహజమైన ఆనందమైడ్ అవసరమైన చోట పుట్టి, క్షణాలలో అణగిపోతుంది. టీహెచ్‌సీ మెదడంతటా పరచుకుని గంటల తరబడి నిలుస్తుంది.

స్వీడన్‌లో 1969–70లో సైన్యంలో చేరవచ్చిన 45,570 మంది యువకులను పదిహేనేళ్ళు గమనించిన అధ్యయనం 1987లో ప్రకటితమైంది. అప్పటికే యాభై సార్లకు మించి గంజాయి వాడినవారిలో స్కిజోఫ్రీనియా, అసలు వాడనివారి కంటే ఆరురెట్లు కనిపించింది. ఇతర కారణాలను లెక్కలోనికి తీసుకున్నాక ఆ అంతరం తగ్గింది గాని, పూర్తిగా పోలేదు. 2019లో ఐరోపా, బ్రెజిల్‌లలోని పదకొండు ప్రాంతాల అధ్యయనంలో రోజూ వాడేవారికి ఉన్మాద ప్రమాదం మూడురెట్లకు పైగా, టీహెచ్‌సీ హెచ్చుగా ఉన్న సరకును రోజూ వాడేవారికి దాదాపు ఐదురెట్లు ఉన్నట్లు తేలింది. వాడేవారిలో అత్యధికులకు ఉన్మాదం రాదు. ఎవరికి వస్తుందో ముందుగా చెప్పడం సాధ్యం కాదు. చిన్న వయసు, నిత్యసేవనం, సరకు ఘాటు, వంశంలో ఆ వ్యాధి ఉండడం, ఈ నాలుగూ ప్రమాదాన్ని పెంచేవి.

ఇంతవరకు గ్రంథాల మాట. ఇకపై వ్రాసేది నా తప్పు.

నా వద్ద చదివిన ఒక పిల్లవాడు ఉండేవాడు. పేరు వ్రాయను. సీసపద్యం గుక్క తిప్పుకోకుండా చదివేవాడు. 2007లో పట్నం కళాశాలకు వెళ్ళాడు. రెండవ ఏడు ఇంటికి వచ్చినప్పుడు గోడల వెనుక ఎవరో తన గురించి మాట్లాడుకుంటున్నారని చెప్పసాగాడు. అన్నంలో ఏదో కలిపారని తినడం మానేశాడు. సంచిలో గంజాయి పొట్లం దొరికింది. తండ్రి నా దగ్గరకు వచ్చి, "మాష్టారూ, ఏం చేయమంటారు?" అని అడిగాడు. ఊళ్ళో అక్షరం వచ్చిన పెద్దమనిషిని కదా! "గంజాయి మత్తయ్యా, అది మానిపించు, అదే దిగిపోతుంది" అన్నాను. వాళ్ళ మేనత్త ఏళ్ళ తరబడి తలుపులు మూసుకుని తనలో తాను మాట్లాడుకునేదని నాకు తెలుసు. తెలిసి కూడా ఈ రెండింటినీ కలిపి చూడలేదు.

పిల్లవాడు గంజాయి మానాడు. గోడల వెనుక మాటలు మానలేదు. నా మాట మీద నమ్మకంతో తండ్రి పద్నాలుగు నెలలు ఆగాడు. మానసిక వైద్యుని వద్దకు తీసుకుపోయేసరికి చదువు పోయింది, స్నేహితులు పోయారు. వైద్యుడు కోపపడలేదు. "కొంచెం ముందు వచ్చి ఉంటే బాగుండేది" అని మాత్రం అన్నాడట. ఆ తండ్రి నన్ను ఎన్నడూ నిందించలేదు. అదే నాకు ఎక్కువ బరువు.

గంజాయి వల్ల కలిగిన ఉన్మాదం అని మొదట నిర్ణయించిన రోగులలో సుమారు మూడింట ఒక వంతుకు తరువాత స్కిజోఫ్రీనియాగా తేలుతుందని 2020లో ప్రకటితమైన ఒక సమీక్ష చెప్పింది. చికిత్స ఆలస్యమైన కొద్దీ కోలుకోవడం కష్టమని వైద్యులు చెబుతారు. 1892 నాటి పోలీసు తన గడి నింపి ఊరుకున్నాడు. నేనూ అదే పని చేశాను. "గంజాయి" అనే మాట దొరకగానే విచారణ ముగిసిందనుకున్నాను.

"గంజాయి వనంలో తులసి మొక్క" అని మనకొక నానుడి. మంచివాడు చెడ్డ చోట ఉన్నాడని అర్థం. మన ఇంటి పిల్లవాణ్ణి తులసి అనుకుంటాం, దోషమంతా వనానిదే అనుకుంటాం. వనాన్ని తగలబెడితే చాలునన్న తృప్తి కూడా అందులో ఉన్నది. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర దాదాపు రెండు లక్షల కిలోల గంజాయిని పోలీసులు దహనం చేశారు. అది చేయవలసిన పనే కావచ్చు. అయితే మొక్కను కాల్చడంతో పిల్లవాడికి వైద్యం జరగదు.

మీ ఇంట్లోనో, పొరుగునో యువకుడెవరైనా లేని గొంతులు వినిపిస్తున్నాయంటే, అకారణంగా అందరినీ అనుమానిస్తుంటే, గంజాయి సంగతి దాచకుండా వైద్యుడికి చెప్పండి. వంశంలో ఎవరికైనా అటువంటి వ్యాధి ఉంటే అదీ చెప్పండి. మత్తు దిగేదాకా చూద్దామని నెలలు గడపకండి. 2022లో ప్రారంభమైన టెలీ మానస్‌కు 14416 సంఖ్యతో ఫోను చేయవచ్చు.

ఆ పిల్లవాడికి ఇప్పుడు ముప్పై అయిదు దాటింది. మందులు వాడుతూ తండ్రి దుకాణంలో కూర్చుంటున్నాడు. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఒక పద్యం మొదలుపెట్టి, రెండవ పాదం దగ్గర ఆగిపోయి, నవ్వాడు. మిగిలిన పాదాలు నేను అందుకున్నాను.

స్వస్తి.