రక్షకభటుల మనోభారము, విపశ్యన శిక్షణ: ఒక చారిత్రక పరిశీలన

కోరంగి రేవు యానామునకు చేరువన కలదు. ఆ తీరమునుండి సముద్రము దాటి రంగూనునకు పోయిన తెలుగువారిని బర్మీయులు రేవు పేరిటనే ‘కొరంగీ’లని పిలిచిరి. ఓడలకు మూటలు మోసి, రిక్షాలు లాగి, బియ్యపు మరలలో పనిచేసి బ్రదికిన ఈ కూలీల చరిత్రలో 1930 మే నెల మరపురానిది. రేవుపనిని గూర్చి పుట్టిన తగవు తెలుగు కూలీలకును బర్మా కూలీలకును నడుమ ఘోరమైన కలహముగా మారి, పెక్కుమంది ప్రాణములు గోల్పోయిరి. అట్టి వేళ అల్లరిమూక కెదురుగ నిలువవలసిన భటుని మనస్సు ఎట్లుండవలెను? భయమును, క్రోధమును అతడు ఎట్లు అణచుకొనగలడు? ఈ ప్రశ్నకు ఒక సమాధానము కొన్ని దశాబ్దముల పిమ్మట ఆ రంగూను నుండియే మన దేశమునకు వచ్చినది. దాని రాకను, దాని ఫలమును, దాని పరిమితిని చూపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ముందుగా భటుని భారమెట్టిదో తెలియవలెను. మదరాసు రాజధానికి 1859లోను, బ్రిటిషు ఇండియాలోని ఇతర ప్రాంతములకు 1861లోను పోలీసు చట్టములు ఏర్పడినవి. 1861 నాటి చట్టములోని 22వ సెక్షను ప్రకారము పోలీసు ఉద్యోగి సర్వకాలములందును విధిలో నున్నట్లే లెక్క. రాత్రి లేదు, పండుగ లేదు. పాలకులు మారినను ఈ భావము ఠాణాను వీడలేదు. 2019లో ప్రకటితమైన భారత పోలీసు వ్యవస్థా నివేదికలో మన పోలీసువారు సగటున దినమునకు 14 గంటలు పనిచేయుచున్నట్లు తేలినది. నిద్రలేమి, ఇంటికి దూరమగుట, పైవారి గద్దింపు, ప్రజల అవిశ్వాసము, నిత్యము శవములను, రక్తమును చూచుట - ఇవన్నియు కూడి మనస్సును మొద్దుబార్చును, లేదా రగిలించును. ఆ రగిలిన మనస్సు వలని బాధ భటునితో ఆగక, ఠాణాకు వచ్చిన దీనునిపై పడును. కావున ఇది ఉద్యోగుల ఆరోగ్యమునకు మాత్రమే సంబంధించినది కాదు. పౌరుల క్షేమమునకు సంబంధించినది.

ఇక విద్య వచ్చిన త్రోవ. 1948లో బర్మా స్వతంత్రమైనపుడు ఆ దేశపు అకౌంటెంటు జనరలుగా నియుక్తుడైన ఊ బా ఖిన్ తన కార్యాలయ ఉద్యోగులకే విపశ్యనా ధ్యానము నేర్పెను. 1952లో ఆయన రంగూనులో అంతర్జాతీయ ధ్యానకేంద్రము స్థాపించెను. మండలేలో జన్మించిన మార్వాడీ వర్తకుడు సత్యనారాయణ గోయెంకా తీవ్రమైన తలనొప్పితో బాధపడుచు 1955లో ఆయనను ఆశ్రయించి, 1969లో ఈ విద్యను భారతదేశమునకు తెచ్చెను. లెక్కల కచేరిలో ఉద్యోగుల నడుమ పెరిగిన విద్య యగుటచే, అది సర్కారు కొలువునకు కొత్తది కాలేదు.

దీని పద్ధతి సరళము, సాధన కఠినము. పది దినములు మౌనము. వేకువ నాలుగు గంటలకు మేల్కొలుపు. మొదట శ్వాసను గమనింతురు; పిదప శరీరమందలి వేదనలను, అనగా సుఖదుఃఖానుభూతులను, ప్రతిక్రియ లేక పరిశీలింతురు. క్రోధము మాటగా, దెబ్బగా వెలువడుటకు ముందు దేహమున వేడిమిగా, గుండెదడగా పొడసూపును. దానిని అప్పుడే గుర్తించినవానికి చేయి ఎత్తుటకు ముందొక క్షణము చిక్కును. లాఠీ పట్టినవానికి ఆ క్షణముకంటె విలువైనది మరియొకటి లేదు.

1975లో జయపుర కేంద్ర కారాగారమున 120 మంది ఖైదీలకు శిబిరము జరిగినది. రాజస్థాన హోంశాఖ కార్యదర్శి రామసింగు అందుకు పూనుకొనెను. సంకెళ్లతో ధ్యానము తగదని గోయెంకా పట్టుపట్టగా, అధికారులు సందేహించుచునే వాటిని తీయించిరి. మరుసటి యేడు, 1976లో, ఆ నగరపు పోలీసు అకాడమీలోనే ఉన్నతాధికారులు శిబిరమున కూర్చుండిరి. అదే సంవత్సరము మహారాష్ట్రలోని ఇగత్‌పురియందు ‘ధమ్మగిరి’లో శిబిరములు మొదలైనవి. ఆ పేరు మనకు పరాయిది కాదు: నాగార్జునకొండయందలి ఇక్ష్వాకుల కాలపు శాసనమొకటి చుల ధమ్మగిరిపై సింహళ థేరవాదాచార్యులకు ఉపాసిక బోధిశ్రీ చేసిన దానమును చెప్పుచున్నది. బర్మాలో నిలిచినదియు ఆ థేరవాదమే. 1993లో కిరణ్ బేడీ అధికారమున తీహారు జైలులో ఈ శిక్షణ ప్రవేశించెను. 1994 ఏప్రిలులో వేయిమందికి పైగా ఖైదీలు ఒకే శిబిరమున పాల్గొనిరి.

అయినను ఫలమును అతిశయించి చెప్పుట చరిత్రకారునకు తగదు. అమెరికాలో జాన్ కబట్-జిన్ 1979లో ఆరంభించిన లౌకిక ధ్యానశిక్షణ ననుసరించి, ఆరెగాన్ ప్రాంతమున పోలీసులకై ఎనిమిది వారముల శిక్షణ రూపొందినది. 61 మందిపై జరిగి 2018లో ప్రకటితమైన పరిశీలనలో, శిక్షణ ముగియగనే దూకుడు, అలసట, నిద్రాభంగము తగ్గినట్లు కనబడెను. మూడు నెలల పిమ్మట శిక్షణ పొందినవారికిని పొందనివారికిని భేదము నిలువలేదు. సాధన విడిచినను, ఉద్యోగపు పరిస్థితి మారకున్నను, మనస్సు పాత గాడిలో పడుట సహజమే కదా.

ముంబయి నగరమున 2016 మే నెలలో కమిషనరు దత్తాత్రేయ పడసల్గీకర్, ఒక కానిస్టేబులు సూచన ననుసరించి, దేవనార్ ఠాణాలో ఎనిమిది గంటల పనిని ప్రయోగముగా ప్రవేశపెట్టెను. 2019 జూనులో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము పోలీసులకు వారాంతపు సెలవును ప్రకటించెను. ఇవి ధ్యానశిబిరములు కావు. కాని ధ్యానమునకు వలయు నిద్రను, విరామమును ఇచ్చునవి ఇవియే.

జయపురమున మొదట సంకెళ్లు తీసిరి. పిమ్మట ధ్యానము నేర్పిరి. ఆ వరుస భటులకును వర్తించును. పదునాలుగు గంటల చాకిరి సంకెల నట్లే యుంచి, ఓర్చుకొనుమని భటునకు ధ్యానము నేర్పుట న్యాయము కాదు. సంకెల సడలించి నేర్పినచో, ఆ విద్య భటునకు శాంతిని, పౌరునకు అభయమును ఈయగలదు.